తాంబూలం సంచుల మీద అచ్చు వేయడానికి నాలుగు రంగుల మెషిన్ కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సిద్దిపేట దగ్గర ఊళ్లో ఇంట్లోనే బట్ట సంచులు కుడుతున్నారు. పెళ్లిళ్లకి తాంబూలం సంచులు అడిగేవాళ్లు పేర్లు, ముహూర్తం తేదీ కూడా అచ్చు వేసి ఇమ్మంటున్నారు. బయట వేయిస్తే మిగిలేదంతా అక్కడే పోతోంది. ఒక డీలరు నాలుగు రంగుల మెషిన్, ఎక్స్‌పోజింగ్ యూనిట్ (వెలుగుతో స్క్రీను మీద డిజైను దించేది), డ్రయర్ కలిపి లక్షా ఎనభై వేలకి కిట్టు ఇస్తానన్నాడు. కొనమంటారా, వద్దంటారా?

వద్దంటాను. మీరు చెప్పిన పని స్క్రీన్ ప్రింటింగ్, అంటే ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీ గుడ్డ (మెష్) లోంచి రంగుని బట్ట మీదికి దించడం. ఆ ఫ్రేమునే స్క్రీను అంటాం. దానికి ఆ మెషిన్ అక్కర్లేదు. ఒక గట్టి బల్ల, ఫ్రేముని తలుపులా ఎత్తి దించేలా బల్లకి బిగించే రెండు హింజ్ క్లాంపులు, నాలుగైదు ఫ్రేములు, రంగు లాగే రబ్బరు పట్టీలు (స్క్వీజీలు) రెండు, ఇంట్లో చేయించుకున్న లైట్ బాక్సు, ఆరేసుకోవడానికి చోటు. ఇంతే మొదటి ఏడాదికి. జాగ్రత్తగా కొంటే 40 వేలలోపు అయిపోతుంది, ఊరిని బట్టి కాస్త అటూ ఇటూ. మిగతా డబ్బు బట్టకీ, మొదటి మూడు నెలల్లో తప్పకుండా పాడయ్యే సరుకుకీ దాచుకోండి.

నేను తెనాలిలో 19 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. శుభలేఖలతో మొదలుపెట్టి విజిటింగ్ కార్డులు, స్టిక్కర్లు వేసి, ఇప్పుడు ఎక్కువగా సంచులు, టీషర్టుల మీద బతుకుతున్నాను. నాలుగు రంగుల మెషిన్ నేనూ కొన్నాను, అదీ అప్పు చేసి. రంగుకొకటి చొప్పున దానికి స్క్రీను పట్టుకునే నాలుగు చేతులుంటాయి. మొదటి ఏడాదంతా ఒక్క చెయ్యే వాడాం. మిగతా మూడు చేతులకీ తడిగుడ్డలు ఆరేసుకునేవాళ్లం. నాలుగు రంగులు ఒకదాని పక్కన ఒకటి ఇసుమంత జరగకుండా పడటానికి పెట్టిన మెషిన్ అది. పసుపు బట్ట మీద ఎర్ర అక్షరాలు వేయడానికి దాని అవసరం ఏముంది? కలశానికి ఆకుపచ్చ మామిడాకులు కావాలంటే రెండో స్క్రీను పెట్టి చేత్తోనే వేయొచ్చు.

మీరు ప్రశ్నలో ఒక మాట మామూలుగా అనేసి వదిలేశారు. సంచులు మీరే కుడతారు. మీ అసలు బలం అదే, నాలాంటివాళ్లకి లేనిది. మాకు కుట్టేసిన సంచి వస్తుంది. కుట్లు, మడతలు, పట్టీలు స్క్రీను కింద ఎత్తుగా నిలబడతాయి. ఆ పక్కన రంగు పట్టదు. లోపల అట్ట పెట్టి, చదును చేసి, ఒక్కొక్కటీ సర్దుకోవాలి. మీరైతే ముందు బట్ట కత్తిరించి, ముక్క మీద అచ్చు వేసి, ఆరాక కుట్టండి. చదునైన బట్ట మీద ప్రింటు శుభ్రంగా వస్తుంది. చెడిపోయినా పోయేది ముక్క ఒక్కటే, కుట్టు కూలి పోదు. ఆర్డరు 300 అయితే 315 ముక్కలు కత్తిరించుకోండి. మొదట్లో ఆ పదిహేనూ సరిపోవు, 330 పెట్టుకోండి.

స్క్రీను

ఈ వ్యాపారంలో తెలియాల్సిందంతా స్క్రీను తయారీలోనే ఉంది. స్క్రీను బాగా కుదిరితే వారం రోజులు నేర్చుకున్న పిల్లలైనా ప్రింటు లాగేస్తారు. కుదరకపోతే ఏ మెషిన్ మీదైనా చెత్తే.

ఫ్రేములు వడ్రంగి చేత టేకుతో చేయించుకోవచ్చు. చవక చెక్క నీళ్లు తగిలి మెలి తిరుగుతుంది. నాలుగు మూలలూ బల్లకి ఆనకపోతే ఆ ఫ్రేము పొయ్యిలోకే. అల్యూమినియం ఫ్రేమైతే చాలా ఏళ్లు వస్తుంది, మెష్ అంటించి ఇచ్చే షాపుల్లో దొరుకుతుంది. డిజైను కన్నా ఫ్రేము లోపలి కొలత నలువైపులా మూడు, నాలుగు అంగుళాలు పెద్దగా ఉండాలి. చిన్న ఫ్రేములో పెద్ద డిజైను ఇరికిస్తే అంచుల్లో రంగు సరిగా దిగదు. మెష్ బిగువు ఎంత అంటే, వేలితో కొడితే డప్పు మీద కొట్టినట్టు మోగాలి. దుప్పటి మీద కొట్టినట్టు ఉంటే మళ్లీ లాగించండి.

మెష్ నంబర్ల దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా తికమకపడతారు. కొన్ని షాపుల్లో సెంటీమీటరుకి ఎన్ని దారాలో చెప్తారు, కొన్నిచోట్ల అంగుళానికి చెప్తారు. 43 అన్నా 110 అన్నా ఒకే గుడ్డ. 77 అంటే అంగుళానికి దాదాపు 195, 120 అంటే 305. నంబరు పెరిగేకొద్దీ రంధ్రాలు సన్నబడతాయి, రంగు తక్కువ దిగుతుంది. బట్ట సంచికి 43 నుంచి 55 మధ్య చాలు. శుభలేఖ లాంటి నున్నటి కాగితానికి 120 కావాలి. ఒకదాని బదులు ఇంకోటి తెచ్చుకుంటే, రంగు ఎందుకు పారుతోందో, ఎందుకు దిగట్లేదో తెలియక నెల గడిచిపోతుంది.

ఇక్కడ మన లిపితో ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లిష్ వీడియోలు చూసి నేర్చుకుంటే ఇది తెలియదు. మన అక్షరాలు గుండ్రం, కింద వత్తులు. 43 మెష్ మీద చిన్న సైజులో 'లక్ష్మి' వేయండి. క్ష కింద మ వత్తు దగ్గర రంగు నిండిపోయి ఒక ఎర్రటి చుక్క మిగులుతుంది. నా రెండో ఏడాదిలో ఒక పెళ్లికి 250 సంచులు వేశాను. పెళ్లికూతురి పేరులోనే లక్ష్మి ఉంది. దూరం నుంచి చూసి బాగుందనుకున్నాను. వాళ్ల నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని, సంచి దగ్గరగా పట్టుకుని, "ఇదేంటండీ, మా అమ్మాయి పేరు మీద మరక పడింది" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే అంత సిగ్గనిపించేది కాదు.

అప్పటినుంచి పెట్టుకున్న నియమం: ముతక బట్ట మీద తెలుగు అక్షరం 24 పాయింట్ల కన్నా తగ్గించను, వత్తులున్న పేర్లకి 30. గీత మందం ఎక్కడా తేడా లేని సాదా ఫాంటు వాడతాను. సన్నగా మొదలై లావుగా తిరిగే అలంకారపు ఫాంటు కాగితం మీద అందమే, గోనె లాంటి బట్ట మీద సగం అక్షరం మాయమవుతుంది.

ఇంకో సంగతి. డీటీపీ సెంటర్లలో చాలావరకు అనూ ఫాంట్లే వాడతారు. కస్టమరు వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపిన పేర్లు అందులోకి మార్చేటప్పుడు వత్తులు, సున్నాలు ఎగిరిపోతుంటాయి. మళ్లీ టైపు చేయించడమే మంచిది. తర్వాత ప్రూఫ్ ఫొటో పంపి, తేదీ, వారం, ఇంటిపేరు చదివి చూసి ఓకే అని రాయమనండి. ఫోన్లో చెప్పిన ఓకే చెల్లదు. ఆ మెసేజ్ రాకుండా స్క్రీను కాల్చొద్దు (వెలుగుతో స్క్రీను మీద డిజైను దించడాన్ని కాల్చడం అంటాం).

లైట్ బాక్సు, ఎమల్షన్

డిజైనుని లేజర్ ప్రింటరు మీద ట్రేసింగ్ పేపరుపై నల్లగా తీయించండి. దీన్నే పాజిటివ్ అంటాం. నలుపు పలచగా ఉంటే కిటికీకి ఎత్తిపట్టి చూస్తే తెలిసిపోతుంది. అప్పుడు రెండు కాపీలు తీసి ఒకదాని మీద ఒకటి అతికించండి.

లైట్ బాక్సు అంటే చెక్క పెట్టె, లోపల వరసగా యూవీ ట్యూబులు, పైన మందపాటి అద్దం, అంతే. ఎలక్ట్రీషియను, వడ్రంగి కలిసి ఒక్క రోజులో చేసేస్తారు. అద్దం మీద పాజిటివ్‌ని అచ్చు పైకి ఉండేలా పరచండి, దానిమీద ఎమల్షన్ (వెలుగు తగిలిన చోట గట్టిపడే పూత) పూసి ఆరబెట్టిన స్క్రీను పెట్టండి. ఫ్రేము లోపలికి తొంగి చూస్తే అక్షరాలు మామూలుగా చదవగలగాలి. తిరగబడి కనిపిస్తే సంచి మీదా తిరగబడే వస్తాయి. ఫ్రేము లోపల నల్లగుడ్డ, స్పాంజి, పైన రెండు ఇటుకలు పెట్టండి. పాజిటివ్‌కీ మెష్‌కీ మధ్య గాలి ఉంటే అక్షరం అంచు కొరికినట్టు వస్తుంది.

వెలుగు ఎన్ని నిమిషాలు చూపించాలి అని నన్ను అడగొద్దు. నా బాక్సు లెక్క మీ బాక్సుకి పనికిరాదు. ఒక పాత స్క్రీను మీద అట్టముక్క జరుపుకుంటూ 1, 2, 3, 4, 5, 6 నిమిషాలు వెలుగు తగిలేలా పట్టీలు పట్టీలుగా కాల్చండి. కడిగాక ఏ పట్టీలో వత్తులు కూడా తెరుచుకుని, చుట్టూ ఎమల్షన్ గట్టిగా నిలిచిందో అదే మీ టైము. గోడ మీద రాసిపెట్టుకోండి. ఎమల్షన్ బ్రాండు మారితే మళ్లీ చూసుకోవాలి.

కడగడం మాత్రం పక్కన ఒకరుండి చూపిస్తే తొందరగా వస్తుంది. స్క్రీనుని రెండు వైపులా మామూలు నీళ్లతో తడిపి నిమిషం ఆగాలి. మొదట ఏమీ కనిపించదు. తర్వాత అక్షరాలు పాలిపోయినట్టు తేలతాయి. సన్నటి ధార పట్టగానే పెద్ద అక్షరాలు ముందు తెరుచుకుంటాయి, వత్తులు చివర్లో. ఆ చివరి వత్తు దగ్గరే అందరం తొందరపడతాం, వేలితో రుద్దుతాం, పక్కనున్న గీత ఊడిపోతుంది. రుద్దొద్దు, నీళ్లే పట్టండి. ఎంత పట్టినా తెరుచుకోకపోతే ఎక్కువ కాలిందని, అంతా జిగురుగా జారిపోతుంటే తక్కువ కాలిందని. ఆరాక వెలుతురుకి ఎత్తి చూస్తే సూది మొన లాంటి చుక్కలు కనిపిస్తాయి. వాటిని కుంచెతో కొంచెం ఎమల్షన్ అద్ది మూసి, మళ్లీ వెలుగు చూపించండి.

ఎమల్షన్ కొనేటప్పుడు నీటి రంగులకి తట్టుకునేదే అడగండి. స్టిక్కర్ల కోసం చేసినది తెచ్చుకుంటే యాభయ్యో ప్రింటు దగ్గర స్క్రీను కరగడం మొదలవుతుంది. ఇంకొకటి, బైక్రోమేట్ కలుపుకునే పాత పద్ధతి చవకని ఎవరైనా చెప్తే వినకండి. నారింజ రంగు పొడి అది, అందులో ఉండేది క్యాన్సర్ కారకమైన క్రోమియం. గ్లౌజులు లేకుండా ఆరేళ్లు వాడి నా వేళ్ల చర్మం పగిలి, ఉప్పు తగిలితే మంట పుట్టేది. అన్నం స్పూనుతో తిన్న రోజులున్నాయి. కలిపే పని లేకుండా రెడీగా వచ్చే ఫొటోపాలిమర్ ఎమల్షన్ దొరుకుతోంది. ఖరీదు ఎక్కువే, అయినా అదే కొనండి. మీ ఇంట్లో పిల్లలున్నారన్నారు కాబట్టి మరీ మరీ చెప్తున్నాను.

రంగు, ఆరబెట్టడం

కాటన్ సంచికి పిగ్మెంటు, బైండరు కలిపిన నీటి రంగు చాలు. లేత బట్ట మీద నేరుగా వేయొచ్చు. మెరూన్, నేవీ బ్లూ లాంటి ముదురు బట్ట మీద కావాలంటే, కింది రంగు కనపడకుండా కప్పే ఖాదీ పేస్టు వాడాలి. అది చిక్కగా ఉంటుంది, మెష్‌ని తొందరగా మూసేస్తుంది. మొదటి మూడు నెలలు ముదురు బట్టల ఆర్డర్లు ఒప్పుకోకండి.

బల్ల మీద పాత దుప్పటి మడత, దానిపైన రెక్సిన్ బిగించండి. బట్ట జరగకుండా రెక్సిన్ మీద పలచగా గమ్ము. స్క్రీనుకీ బట్టకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, ఫ్రేము కింద అట్టముక్క అతికిస్తే సరి. స్క్వీజీ బట్టకైతే మెత్తటి రబ్బరు, కాగితానికి గట్టిది. లాగేటప్పుడు మధ్యలో ఆపొద్దు. ఆపిన చోట గీత పడుతుంది.

అచ్చు వేయడం కష్టం కాదు, వేసినవి ఎక్కడ పెట్టాలన్నదే కష్టం. 300 ముక్కలు ఇద్దరు కలిసి మూడు గంటల్లో వేసేస్తారు. తడి ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టలేరు. బట్టల క్లిప్పులు, గదిలో అటూ ఇటూ పది వరసల తాడు. బల్ల కన్నా ముందు ఆ గది చూసుకోండి.

గాలికి ఆరింది కదా అని కుట్టేయకండి. వేడి తగలకపోతే రంగు ఉతుకుకి నిలవదు. ఒక కాలేజీ వాళ్లకి 120 టీషర్టులు వేసిచ్చాను. ముసురు పట్టిన వారం, రేపు పొద్దున్నే కావాలని టెన్షన్ పెట్టారు. వేడి పెట్టకుండా ఇచ్చేశాను. మొదటి ఉతుకులోనే కాలేజీ పేరు సగం పోయింది. డబ్బులు తిరిగిచ్చాను, ఆ కాలేజీ ఆర్డరు మళ్లీ రాలేదు. పిగ్మెంటు రంగుకి దాదాపు 150 డిగ్రీల్లో మూడు, నాలుగు నిమిషాల వేడి కావాలి. రంగు డబ్బాతో ఇచ్చే సూచన చూడండి, బ్రాండుని బట్టి మారుతుంది. మొదట్లో ఇస్త్రీపెట్టెతో నెట్టుకురావొచ్చు. ఆర్డర్లు పెరిగాక మీరు కొనాల్సిన మొదటి మెషిన్ హీట్ ప్రెస్, నాలుగు రంగులది కాదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటో కావాలనేవాళ్లకి డీటీఎఫ్ ప్రింటు (ఫిల్ము మీద ముద్రించి వేడితో బట్టకి అంటించేది) బయట మీటరు లెక్కన తీయించి అదే ప్రెస్ మీద అంటించి ఇవ్వొచ్చు. ఇరవై ముప్పై సంచుల ఆర్డరుకీ అదే దారి. వంద దాటి ఒకే రంగు అంటే అప్పుడు స్క్రీను.

ఎండాకాలం రంగు మెష్‌లోనే ఎండిపోతుంది. మేలో మేము ఆరింటికి మొదలుపెట్టి పదింటికి ఆపేస్తాం. రంగు తొందరగా ఎండకుండా ఆపే రిటార్డరు కొంచెం కలపండి. ఫ్యాను గాలి తాళ్ల వైపే, బల్ల మీదికి వద్దు. ఫోను మోగితే స్క్రీను మీద రంగు పరిచి వెళ్లండి, లేదా మోగనివ్వండి.

నాన్-వూవెన్ సంచులు వేయమని కూడా అడుగుతారు. అవి ప్లాస్టిక్కే, రంగు వేరు, థిన్నరు ఘాటు. గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు. పైగా 60 జీఎస్ఎం (చదరపు మీటరుకి 60 గ్రాములు) కన్నా పలచటి నాన్-వూవెన్ సంచులు 2021 సెప్టెంబరు 30 నుంచి నిషేధం. బట్ట సంచికి గిరాకీ పెరగడానికి అదీ ఒక కారణమే.

లెక్క

మా దగ్గర ఒక రంగు, ఒక వైపు అయితే స్క్రీనుకి 350, ప్రింటుకి 3 రూపాయలు. 300 సంచులకి 1,250. ఖర్చు: పాజిటివ్ 40, ఎమల్షన్, మెష్ అరుగుదల 100, రంగు 250, సాయం చేసేవాళ్లకి సగం రోజు కూలి 300, కరెంటు, చిల్లర 60. అంటే 750. మిగిలిన 500 మీ సగం రోజు కష్టానికి. అదే 50 సంచుల ఆర్డరు తీసుకుని, "తెలిసినవాళ్లు కదా" అని స్క్రీను డబ్బులు వదిలేస్తే 150 రూపాయలు వస్తాయి. స్క్రీను తయారీ ఖర్చు మాత్రం అంతే. తెలిసినవాళ్లకి ప్రింటులో అర్ధరూపాయి తగ్గించండి, స్క్రీను చార్జి వదలకండి.

ఆషాఢం, మూఢం వచ్చాయంటే పెళ్లి ఆర్డర్లు నిల్. ఆ నెలల కోసం ఊళ్లో బట్టల షాపు, స్వీట్ల షాపు, పచ్చళ్ల వాళ్లని ఇప్పటినుంచే పట్టుకోండి. వాళ్ల స్క్రీను ఒకసారి చేస్తే ఏడాదంతా అదే, చెరపకుండా దాచండి. ఎన్నికలొస్తే పార్టీలవాళ్లు కరపత్రాలు, పోస్టర్లు వేయమని అడుగుతారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం వాటి మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి, వేయించుకునేవాళ్లు ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ ఇవ్వాలి. చేత్తో రాసింది తప్ప ఏ పద్ధతిలో కాపీలు తీసినా చట్టం దృష్టిలో అచ్చే, కాబట్టి స్క్రీనుకీ మినహాయింపు లేదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు. పెద్ద కంపెనీల లోగోలు టీషర్టుల మీద వేయమన్నా వద్దనండి, అది ట్రేడ్‌మార్క్ కేసు.

అప్పు విషయం. చిన్న యూనిట్లు పెట్టుకునేవాళ్లకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ అప్పు పథకం పీఎంఈజీపీలో గ్రామాల్లో మహిళలకి 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతం. అయితే అది కొత్త యూనిట్లకే. మీ కుట్టు పని పేరు మీద ఇప్పటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల నమోదు) ఉంటే, దరఖాస్తు పెట్టేముందు జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి. సబ్సిడీ వస్తుంది కదా అని కిట్టు ధర పెంచి కొటేషన్ ఇచ్చే డీలర్లు ఉన్నారు. మీకు చెప్పిన లక్షా ఎనభైలో అది ఎంతో నాకు తెలియదు, విడివిడిగా ఒక్కో వస్తువు ధర రాసివ్వమనండి. ఇవ్వనంటే మీకే అర్థమవుతుంది.

ముందు ఒక ఫ్రేము, ఒక స్క్వీజీ, అరకిలో ఎర్రరంగు తెచ్చుకుని మీ పేరే పది ముక్కల మీద వేయండి. సగం ముక్కలకి ఇస్త్రీ పెట్టి, సగం పెట్టకుండా వదిలి, మర్నాడు అన్నీ సబ్బుతో మూడుసార్లు ఉతకండి. రెండు రకాల ఫొటోలూ ఇక్కడ పెట్టండి, వత్తులు దగ్గరగా కనిపించేలా తీయండి. ఎక్కడ తప్పిందో చూసి చెప్తాను.